గంజిచీర కట్టుకుని వెళ్ళొచ్చిన చోటు

ఈ ఏడాది కూడా మా తెలుగు సంఘం రిట్రీట్ బేస్‌మెంట్‌లోనే! కారణం ఎవరనుకుంటున్నారు? నేనే.

ఇక్కడ న్యూజెర్సీలో, మా పిస్కాటవేలో ఎవరింటికి వెళ్ళినా కాఫీ చేతికిస్తూనే, "మార్తక్కా, ఆ చోటు సంగతి చెప్పవూ" అంటున్నారు. ఒకరికి చెప్పింది ఇంకొకరి దగ్గరికి చేరేసరికి దానికి కొమ్ములూ తోకా మొలుస్తున్నాయి. మొన్న ప్లెయిన్స్‌బరోలో ఒకావిడ, నేను కూడా ఈత కొట్టానని విన్నానంది! దేవా! అందుకే జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను. చదివి నవ్వుకోండి, ఇంక మాత్రం నన్ను అడక్కండి.

ముందు నా సంగతి. మా ఇంట్లో జ్ఞాపకాలన్నీ నా దగ్గరే ఉంటాయి. ఎవరి బాప్తిస్మం ఎప్పుడు, ఎవరి పెళ్ళిలో వాన పడింది, ఎవరి పిల్లకి ఎవరి పేరు పెట్టారు, అన్నీ నన్నే అడుగుతారు. ఎక్కడికెళ్ళినా ఒక ఫోటో తీసి ఆల్బంలో అంటించడం నా పని. కానీ పదిమందిలో పెద్ద పని మాత్రం నాకెవరూ అప్పగించరు. నా గొంతు అలాంటిది మరి. సంఘంలో నేను ప్రార్థన చేస్తే రెండో వరసదాకా వినపడుతుంది. ఆ వెనక కూర్చున్నవాళ్ళు నా పెదాలు ఆగడం చూసి "ఆమెన్" అంటారు.

మా సంఘానికి సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళు దయతో బేస్‌మెంట్ ఇచ్చారు. ఆదివారం మధ్యాహ్నం పైన వాళ్ళు కాయిర్ పాటల ప్రాక్టీస్ చేసుకుంటుంటే కింద మేము ఆరాధన చేసుకుంటాం. ఏటా ఆగస్టు నెలాఖర్లో మూడు రోజుల రిట్రీట్, అంటే ప్రార్థనల విడిది, కూడా అక్కడే. కిటికీల్లేవు, పక్కగదిలో బాయిలర్. అయ్యగారు ప్రసంగం మంచి పట్టులో ఉన్నప్పుడే అది గుర్రుమంటుంది. "మనమూ ఏ కొండల్లోకో, ఏ సరస్సు దగ్గరికో వెళ్దాం" అని అందరికీ కోరిక.

పోయినేడాది ఆ బాధ్యత డేవిడ్ రాజు గారు తీసుకున్నారు. మైక్ లేకపోయినా పార్కింగ్ లాట్ దాకా వినపడే మనిషి. ఆయన చూసొచ్చిన రిసార్ట్‌లో భోజనాల హాలు పక్కనే బీరు బార్ ఉందని తీరా వెళ్ళే ముందు తెలిసింది. మళ్ళీ బేస్‌మెంటే. ఈసారి మా పాస్టర్ అయ్యగారు లేచి, "ఈ యేడు మార్తమ్మ గారు చూస్తారు. నెమ్మదిగల మనిషి, అన్నీ విచారించి చూస్తారు" అన్నారు.

డేవిడ్ రాజు గారు ఊరుకుంటారా? "అక్కా, నువ్వు ఫోన్‌లో మాట్లాడితే అవతలివాళ్ళు లైన్ కట్టయిందనుకుని పెట్టేస్తారేమో!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రే మనసులో గట్టిగా అనుకున్నాను: ఈసారి నేను చూసే చోటుకి ఎవరూ వంక పెట్టకూడదు!

నేను టౌన్ లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని చేస్తాను. నా పక్క బల్ల దగ్గర డొరోతీ కూర్చుంటుంది. అరవై దాటిన మనిషి. ఈ దేశంలో నేను చూసిన ఆడవాళ్ళలో ఇంత మర్యాదైన ఆవిడ లేదు. జూలై ఎండల్లో కూడా మెడదాకా బొత్తాలు పెట్టిన కార్డిగన్ వేసుకుంటుంది. గట్టిగా నవ్వదు, ఒకరి గురించి చెడ్డమాట అనదు. నేను రిట్రీట్ సంగతి చెబితే ఆవిడ మొహం వెలిగిపోయింది.

"మార్తా! నేనూ మా ఆయన వాల్టరూ ఏటా ఆగస్టులో వెళ్ళే చోటుంది. పైన కొండల్లో. ఎంత ప్రశాంతంగా ఉంటుందో!"

నా ప్రశ్నలు నేనడిగాను. అక్కడ తాగుతారా? ఉహు, మద్యం లోపలికే రానివ్వరు. జూదం? లేదు. డాన్సులు, గోలా? పొద్దుపోతే అందరూ పడుకుంటారు. ఎలాంటివాళ్ళొస్తారు? కుటుంబాలు, తాతలూ మనవలూ కలిసి వస్తారు. ఒంటరిగా వచ్చే మగవాళ్ళని గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. తెలిసినవాళ్ళు చెబితేనే కొత్తవాళ్ళని రానిస్తారు. కెమెరాలు గేటు దగ్గర ఇచ్చేయాలి.

"కెమెరాలు కూడానా? ఎందుకు?"

"ఒకరి ఏకాంతాన్ని ఒకరు గౌరవించాలి కదా, మార్తా" అంది డొరోతీ.

నాకు ఒళ్ళు పులకరించింది. ఇంత క్రమశిక్షణ మా మిషన్ హాస్టల్లో కూడా లేదే! దేవుడే ఈవిడ నోట పలికిస్తున్నాడనుకున్నాను.

అప్పుడు డొరోతీ కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ముందే ఒక్క విషయం చెప్పాలి. కొత్తగా వచ్చేవాళ్ళకి మొదటిరోజు కొంచెం... ఇబ్బందిగా ఉంటుంది" అంది. చెవులు ఎర్రబడ్డాయి పాపం.

నాకు వెంటనే అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందనుకున్నాను! కొండల్లో పాత క్యాంపు కదా, బాత్రూములు దూరంగా, ఆరుబయట ఉండుంటాయి. ఆ మాట పైకి అనలేక పెద్దావిడ నలిగిపోతోంది. ఆమెని ఇంకా ఇబ్బంది పెట్టడం మర్యాదా? నేనే చప్పున అందుకున్నాను.

"డొరోతీ, నువ్వు చెప్పక్కర్లేదు. మాకది పెద్ద విషయమే కాదు. మేమంతా చిన్నప్పుడు అలా పెరిగినవాళ్ళమే."

"నిజంగానా?"

"మా వీధి వీధంతా అంతే. పొద్దున్నే అందరం కలిసి కాలవగట్టు వైపు వెళ్ళేవాళ్ళం. మా నాయనమ్మ పోయేదాకా అదే అలవాటు. ఇంట్లో సదుపాయం కట్టించినా ఆవిడకి నచ్చలేదు."

డొరోతీ గుండెమీద చెయ్యేసుకుంది. "మీ నాయనమ్మ! ఎంత అద్భుతం! మార్తా, నాకు ఇండియా గురించి ఏమీ తెలియదన్నమాట" అంది. కళ్ళల్లో నామీద కొత్త గౌరవం. నేను వినయంగా తల వంచుకున్నాను. ఇద్దరం మర్యాదస్తులమే. ఇద్దరం అసలు మాట నోటితో అనలేదు. అదే కొంప ముంచింది!

శనివారం మమ్మల్ని చూడ్డానికి రమ్మంది. మొదటిసారి కాబట్టి మధ్యాహ్నం దాకా మా ఇష్టప్రకారం ఉండొచ్చని కూడా చెప్పింది. ఎంత మంచి మనసు అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రమంతా ఇస్త్రీ. నాకు గంజిపెట్టిన వెంకటగిరి చీర. అత్తయ్యకి తెల్లచీర. మా అత్తయ్య బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరి మేట్రన్‌గా రిటైరైన మనిషి. నెల క్రితమే చుట్టపుచూపుగా వచ్చారు. మా వారికి సూటు, టై. గంజి చీర ఇస్త్రీ చేయడమంటే చేసేవాళ్ళకే తెలుసు. నీళ్ళు చిలకరించాలి, మడతల మధ్య మడతలు రాకూడదు, నడుం విరగాలి.

మా వారు తలుపు దగ్గర నిలబడి, "మార్తా, చోటు చూడ్డానికి వెళ్తున్నామా, పెళ్ళికి వెళ్తున్నామా?" అన్నారు.

"సంఘం తరఫున వెళ్తున్నామండీ. మన బట్టలు చూసే కదా మన మర్యాద తెలిసేది!"

ఈ మాట నేనే అన్నాను. ఎవరూ బలవంతం చేయలేదు.

మా అమ్మాయి సునీతని పక్కింట్లో వదిలి, పులిహోర, చికెన్ వేపుడు డబ్బాల్లో సర్దుకుని పొద్దున్నే బయల్దేరాం. దారంతా అత్తయ్య పాటలు పాడుతూనే ఉన్నారు. కొండ ఎక్కాక చెట్ల మధ్యలో ఒక గేటు, దాని పక్కన చిన్న గది. కిటికీలోంచి ఒకాయన తొంగిచూశాడు. చొక్కా లేదు. ఆగస్టు కదా, ఉక్క కదా అనుకుని నేను కళ్ళు దించేశాను.

ఇక్కడ నా అలవాటొకటి చెప్పాలి. ఈ దేశానికొచ్చిన మొదటి వేసవిలో మావారు నన్ను జెర్సీ సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళారు. అక్కడ ఆడామగా వేసుకున్న బట్టలు చూసి నాకు కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పట్నించీ వేసవొస్తే నేను నేల చూపులే. ఇన్నేళ్ళుగా అమెరికా వేసవిని నేను జనాల చెప్పుల ద్వారానే చూస్తున్నాను. ఎవరి చెప్పులు ఎవరివో గుర్తుపట్టగలను కానీ, మోకాలి పైన ఏముందో నాకు తెలియదు, తెలుసుకోను.

కాబట్టి గేటాయన చెయ్యి చూశాను. చేతికి గడియారం ఉంది. కెమెరా ఇచ్చాను. "మీకు ఉక్కపోస్తుందేమో, మేడమ్" అన్నాడు నా చీరవైపు చూస్తూ.

"అలవాటే" అన్నాను.

మా వారు మమ్మల్ని భోజనాల హాలు దగ్గర దింపి కారు చెట్లకింద పెట్టడానికి వెళ్ళారు. అత్తయ్య, "నువ్వు చూసుకో అమ్మా, నేనలా నీడలో కూర్చుంటా" అని నడుచుకుంటూ వెళ్ళిపోయారు. నేను నేలచూపులు చూస్తూ లోపలికి నడిచాను. చెప్పులు. ఇంకో చెప్పుల జత. తెల్లమేజోళ్ళు. ఉత్త పాదాలు. "గుడ్ మార్నింగ్" అని ఎంతమంది పలకరించారో! అందరికీ వాళ్ళ కాళ్ళవేళ్ళకి చెప్పినట్టు "గుడ్ మార్నింగ్" చెప్పాను. ఎంత మంచి మనుషులు! నేల శుభ్రంగా ఉంది. కుర్చీలన్నిటి మీదా తువ్వాళ్ళు పరిచి ఉన్నాయి. ఎంత శుభ్రత పాటిస్తున్నారో అనుకున్నాను.

వంటగది మాత్రం తలెత్తి చూడాలి కదా! మా బిర్యానీ డేగిశా పట్టే పొయ్యి ఉందో లేదో నేల చూస్తే తెలియదు. గట్టు అవతల వంటాయన, మెడనుంచి మోకాళ్ళదాకా తెల్లటి ఏప్రాన్ కట్టుకుని నిలబడ్డాడు. అమ్మయ్య, ఒంటినిండా గుడ్డ ఉన్న మనిషి! ధైర్యంగా మొహం చూసి మాట్లాడాను.

"మీ దగ్గర అన్నిటికన్నా పెద్ద గిన్నె చూపిస్తారా?"

"తప్పకుండా!" అని ఆయన గిన్నె తేవడానికి వెనక్కి తిరిగాడు.

ఏప్రాన్‌కి వెనకాల ఏముంటుంది? రెండు దారాలు. అంతే. ఆయనకీ అంతే.

"ప్రభువా!" అన్నాను. ఇటు తిరిగాను. ఇటు కిటికీ. కిటికీ అవతల పచ్చగడ్డి. పచ్చగడ్డిలో వాలీబాల్! ఆడుతున్నది తాతలూ, అమ్మమ్మలూ, బ్యాంకు మేనేజర్లలాంటివాళ్ళూ. ఒక్కరి ఒంటిమీదా నూలుపోగు లేదు! అటు తిరిగితే ఏప్రాన్. చివరికి ఫ్రిజ్ వైపు తిరిగి, దాని తలుపుకి అంటించిన సూచనలన్నీ మొదటినుంచి చివరిదాకా చదివాను. తలుపు మెల్లగా మూయవలెను. కూరగాయలు కింది అరలో పెట్టవలెను. ఇప్పటికీ అప్పజెప్పగలను.

"ఈ గిన్నె సరిపోతుందా, మేడమ్?" వెనకనుంచి అడిగాడు.

"సరిపోతుంది, చాలా బాగుంది" అన్నాను ఫ్రిజ్‌తో.

అంతలో తెలిసిన గొంతు, "మార్తా! వచ్చావా!"

డొరోతీ! మెడదాకా బొత్తాలు పెట్టుకునే డొరోతీ! తిరక్కపోతే మర్యాద కాదు, తిరిగితే ఏం కనిపిస్తుందో. తిరిగాను. తలమీద గడ్డిటోపీ, ముక్కుమీద కళ్ళజోడు. ఆ రెండే. నీళ్ళమీద నడిచిన శిష్యుడు ప్రభువు మీంచి చూపు తిప్పగానే మునిగాడంటారే, నేను ఆ కళ్ళజోడు మీంచి చూపు దించితే అంతేసంగతులు! చూపు అక్కడే కట్టేసుకున్నాను.

"డొరోతీ... నేను ఆ రోజు... బాత్రూముల గురించి అనుకున్నాను" అన్నాను.

ఆవిడ టోపీ వెనక్కి నెట్టుకుంది. "కాలవగట్టు?"

"బాత్రూములు లేక."

"మీ నాయనమ్మ?"

"ఆవిడ ఎప్పుడూ ఒంటినిండా చీర కట్టుకునేది, డొరోతీ. కాలవలో స్నానం కూడా చీరతోనే!"

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. లైబ్రరీలో ఎప్పుడూ గట్టిగా నవ్వని మనిషి, గట్టు పట్టుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వింది. కళ్ళజోడు తీసేసింది! నా ఒక్క ఆధారం పోయింది. నేను మళ్ళీ ఫ్రిజ్ వైపు తిరిగాను.

అక్కడే, నేను ఫ్రిజ్ వైపూ ఆవిడ నా వైపూ నిలబడి మాట్లాడుకున్నాం. ఇందులో ఏముందమ్మా, ఎందుకొస్తారు అని అడిగాను. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"ఇక్కడ ఎవరు డాక్టరో ఎవరు ట్రక్కు డ్రైవరో తెలియదు, మార్తా. ఎవరూ అడగరు. మూడేళ్ళ కింద నాకు రొమ్ము ఆపరేషనైంది. అద్దంలో చూసుకోవడం మానేశాను. లైబ్రరీలో ఆ కార్డిగన్ అందుకే. వాల్టర్ నన్ను మళ్ళీ ఇక్కడికి తీసుకొచ్చాడు. ఎవరూ తేరిపార చూడలేదు, ఎవరూ చూపు తిప్పుకోలేదు కూడా. ఆ రోజు చాలా కాలానికి హాయిగా నిద్రపోయాను."

ఫ్రిజ్ మీది అక్షరాలు కాసేపు మసకబారాయి. వెనక్కి చెయ్యి చాపితే ఆవిడ పట్టుకుంది.

కాసేపటికి మళ్ళీ హుషారుగా మొదలుపెట్టింది. ఫ్లోరిడాలో ఇలాంటిదే ఒకటుందట, చలికాలంలో బాగుంటుందట. కాలిఫోర్నియాలో కొండ అంచున ఒకటి. ఫ్రాన్సులోనైతే సముద్రం పక్కన ఊళ్ళాంటిదే ఉందట, దుకాణాలతో సహా! "మూడు వారాలు తిరిగాం. ఇద్దరికీ కలిపి ఒక్క హ్యాండ్‌బ్యాగ్. టూత్‌బ్రష్, తువ్వాలు, అంతే."

"ఒక్క హ్యాండ్‌బ్యాగా?" అన్నాను.

"ఆగస్టు నెలలో నేను ఇస్త్రీపెట్టె ముట్టుకుని ఎన్నేళ్ళయిందో!"

నా నడుం కలుక్కుమంది. అప్పుడు గుర్తొచ్చింది... అత్తయ్య!

బీపీ ఉన్న మనిషి. నెల కిందటే దిగిన మనిషి. జీవితమంతా తెల్లచీరలో గడిపిన భక్తురాలు. ఇది చూసి పడిపోతే? ఊళ్ళో ఆడపడుచులకి ఏమని చెప్పను, మీ అమ్మ ఎక్కడ పడిపోయిందని చెప్పను? కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బయటికి పరుగెత్తాను.

ముందు కారు కనిపించింది. అందులో మా వారు. ఆగస్టు ఎండలో కిటికీలన్నీ బిగించుకుని, సూటులో, టైతో! ఆ కారులో ఏసీ పనిచేయదు. అద్దం కొట్టాను. వేలెడంత దించారు.

"ఏవండీ, అత్తయ్యేరీ?"

"నీతో లేదా? నేను కారు పెట్టి దిగబోతుంటే ఎవరో ఒకాయన దారి చూపించడానికొచ్చాడు. మళ్ళీ ఎక్కేశాను."

"దిగండి, వెతుకుదాం!"

"నేను ప్రార్థన చేస్తున్నాను మార్తా. కళ్ళు మూసుకుని. నువ్వెళ్ళు" అని అద్దం ఎత్తేశారు.

ఈత కొలను దగ్గర గుంపుగా ఉన్నారు. అయిపోయింది, పడిపోయారు, చుట్టూ మూగారు అనుకుంటూ, "జరగండి, ప్లీజ్" అనుకుంటూ వీపుల మధ్యలోంచి తోసుకుంటూ వెళ్ళాను. ఎవరి వీపులో చూడలేదు.

మధ్యలో పెద్ద గొడుగు కింద కుర్చీలో, తెల్లచీరలో, మేట్రన్‌గారిలా మా అత్తయ్య! చేతిలో నిమ్మరసం గ్లాసు. ఎదురుగా ఎండకి ఎర్రగా కాలిపోయిన ఒక భారీమనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్తయ్య మిషన్ ఆసుపత్రి ఇంగ్లీషులో ఆయన్ని మందలిస్తున్నారు.

"అమ్మాయ్, వచ్చావా? చూడు, భుజాలు ఎలా పొక్కాయో! కొబ్బరినూనె రాసి నీడపట్టున కూర్చోమంటే వినడే!"

"అత్తయ్యా! మీకు... మీకేం కాలేదుగా?"

"నాకేమవుతుంది?"

"వీళ్ళు... చూశారా..."

అత్తయ్య నన్ను కిందనుంచి పైదాకా చూశారు. "నలభై ఏళ్ళు వార్డులో చేశానమ్మా. పుట్టినవాళ్ళని కడిగాను, పోయినవాళ్ళని కడిగాను. జమీందారుగారైనా, పాలేరైనా, చొక్కా విప్పితే అందరిదీ ఒకటే ఒళ్ళు. నువ్వెందుకలా వణుకుతున్నావ్? ఆకలేస్తోంది, పులిహోర తీయి."

అప్పుడు చూశాను చుట్టూ. మొహాలు మాత్రమే చూశానులెండి. అందరూ మావైపే చూస్తున్నారు! నావైపు, నా గంజిచీరవైపు. ఒక పెద్దావిడైతే జాలిగా, "నీకు పర్వాలేదా, తల్లీ?" అని అడిగింది. అంతమందిలో ఒంటినిండా బట్ట ఉన్నందుకు సిగ్గుపడటం నా జన్మలో అదే మొదటిసారి.

పులిహోర అందరికీ పెట్టారు అత్తయ్య. ఆగలేనివాళ్ళకి మొట్టికాయ వేసి మరీ ముందు ప్రార్థన చేయించారు. ఆ ఎండకి కాలినాయన కూడా తలవంచి "ఆమెన్" అన్నాడు. మిరపకాయ పక్కన పెట్టమని చెప్పేలోపే నోట్లో వేసుకుని కొలనులోకి దూకాడు, అది వేరే సంగతి. గేటు దగ్గర కెమెరా తీసుకుంటుంటే మొదటిసారి అనిపించింది, దేవుడు కొన్ని నియమాలు మన ఆల్బం కోసమే పెట్టిస్తాడని.

దారిలో అత్తయ్య ఒక్కమాట అన్నారు. "మంచిమనుషులు. ఒక్కడూ తాగిలేడు." మా వారు ఇల్లు చేరేదాకా కారు ఆగిన ప్రతిచోటా కళ్ళద్దాలు తుడుచుకుంటూనే ఉన్నారు.

ఇక అసలు పరీక్ష మర్నాడు. ఆరాధన అయ్యాక అయ్యగారు, "మార్తమ్మ గారు చోటు చూసొచ్చారు. రిపోర్ట్ చెప్తారు" అన్నారు. అబద్ధం ఆడలేను. నిజం చెప్పలేను. లేచి నిలబడ్డాను.

"చోటు బాగుందండి. కొండలున్నాయి. కొలనుంది. మద్యం లోపలికి రానివ్వరు."

"స్తోత్రం!" అన్నారు అయ్యగారు.

"మనుషులు చాలా మర్యాదస్తులు. కుటుంబాలే. పెద్ద గిన్నెలున్నాయి."

"హల్లెలూయ! మరింకేం, బుక్ చేసేద్దాం!"

చెప్పిన ప్రతి నిజమూ నన్ను ఇంకా లోపలికి దింపుతోంది! "కానీ మనకి కుదరదండి" అన్నాను.

"అదేంటక్కా?" డేవిడ్ రాజు గారు లేచారు. "అన్నీ బాగున్నాయంటావ్, కుదరదంటావ్! నేను చూసినదానికన్నా బాగుందా లేదా?"

"బట్టల దగ్గర వాళ్ళ పద్ధతి వేరు" అన్నాను.

"స్ట్రిక్టా? మంచిదేగా! మన పిల్లలకి అదే కావాలి" అన్నారు అయ్యగారు. తల్లులందరూ తలలూపారు. మా వారు సీలింగ్ లైట్లు లెక్కపెట్టుకుంటున్నారు.

ఇంక లాభంలేదు. "వాళ్ళసలు బట్టలు కట్టుకోరండి" అన్నాను. రెండో వరస నిశ్శబ్దమైపోయింది. మూడో వరసనుంచి, "ఏమంటోంది? వినపడలా!"

డేవిడ్ రాజు గారు పరుగున మైకు తెచ్చారు. "అక్క గొంతు మనకి తెలిసిందేగా, ఫుల్ పెట్టు!" అని సౌండ్ మిక్సర్ దగ్గరున్నవాళ్ళకి సైగ చేశారు. నేను కళ్ళు మూసుకున్నాను. ఎలాగూ వినపడదులే అనే ఇన్నేళ్ళ ధైర్యంతో, ఉన్న ఊపిరంతా పెట్టి చెప్పేశాను:

"అక్కడ ఎవ్వరూ బట్టలు కట్టుకోరండీ!"

గోడలు అదిరాయి. బాయిలర్ కూడా ఆగిందనిపించింది. పిల్లల వరసలో ఎవరో, "వాట్ డిడ్ ఆంటీ సే?" అన్నారు. మా సునీత, నా కడుపున పుట్టిన సునీత, లేచి నిలబడి ఇంగ్లీషులో, నా గొంతుకి పది రెట్లతో అనువాదం చేసింది: "షీ సెడ్ దేర్ ఆల్ నేకెడ్! మమ్మీ, యూ వెంట్ *వేర్*?"

పైన కాయిర్ ఆగిపోయింది.

అయ్యగారు చాలాసేపు బల్లవైపు చూసి, "ప్రార్థన చేద్దాం" అన్నారు. కళ్ళు మూసుకున్నవాళ్ళ భుజాలన్నీ ఊగుతున్నాయి. అయ్యగారి భార్య అమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. నిశ్శబ్దంలో వెనకనుంచి మా అత్తయ్య గొంతు, "పులిహోర మాత్రం గిన్నె ఊడ్చి తిన్నారు!"

అంతే. ఆమెన్ అనే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

అలా మళ్ళీ బేస్‌మెంటే. మీటింగ్‌లో ఎవరి పని ఏదో పంచుతుంటే డేవిడ్ రాజు గారు, "నేను బీరుదాకానే వెళ్ళాను, అక్క నన్ను దాటేసింది" అని, "బట్టల డిపార్ట్‌మెంట్ మార్తక్కకే" అని తీర్మానం చేశారు. అంటే బల్లలమీద వేసే తెల్లగుడ్డలు, కాయిర్ పిల్లల గౌన్లు, అన్నీ నేనే ఇస్త్రీ చేయాలి.

ఇప్పుడు ఇస్త్రీబల్ల దగ్గరే కూర్చుని ఇది రాస్తున్నాను. పక్కన గౌన్లు గుట్టలా ఉన్నాయి. నీళ్ళు చిలకరిస్తున్నాను, నడుం విరుగుతోంది, బాయిలర్లాగా నేనే గుర్రుమంటున్నాను. ఈ పూట డొరోతీ ఆ గొడుగు కింద కూర్చుని ఉంటుంది. ప్రభువు నన్ను క్షమించాలి. పొరుగువారి దేన్నీ ఆశించకూడదని చిన్నప్పుడే కంఠతా పట్టినదాన్ని. కానీ ఆ ఒక్క హ్యాండ్‌బ్యాగ్...